సినిమాకు ముందు చీకటి: బరంపురంలో ఒక హాలు, దాని ట్రైలర్లు

సినిమా హాళ్ల గురించి రాసేవారు సాధారణంగా కుర్చీలు, ఏసీ, బండ్లు పెట్టుకునే చోటు, తినుబండారాల ధరలు, మరుగుదొడ్ల శుభ్రత గురించి రాస్తారు. అవన్నీ అవసరమే. అయితే అసలు సినిమాకు ముందు వేసే ట్రైలర్లను ఒక హాలు ఎంత శ్రద్ధతో చూపిస్తోందన్న విషయం మాత్రం ఎవరి సమీక్షలోనూ కనిపించదు. ఒడిశాలోని బరంపురంలో మా కుటుంబం తరచుగా వెళ్లే ఒక హాలును ఆ ఒక్క కోణం నుంచే పరిశీలించి ఇది రాస్తున్నాను. మెచ్చుకోవలసినవీ సరిదిద్దవలసినవీ రెండూ ఉన్నాయి. ఆ లోపాలు ఈ ప్రాంతంలో మరికొన్ని హాళ్లలోనూ కనిపించేవే కాబట్టి హాలు పేరు రాయడం లేదు.

ఇక్కడి ప్రేక్షకుల గురించి ముందు కొంత చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఎల్లలు మారినా తెలుగు ఇళ్లు ఇక్కడే ఉండిపోయాయి. పట్టుచీరల కోసమో పెద్దాసుపత్రి కోసమో సరిహద్దు అవతల ఆంధ్రలోని ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి వచ్చినవారు సాయంత్రం ఒక సినిమా చూసి వెళ్లడమూ మామూలే. అందువల్ల ఒకే హాలులో, ఒకే వారంలో తెలుగు, ఒడియా, హిందీ చిత్రాలు ఆడతాయి. వాటి ముందు మూడు భాషల ట్రైలర్లూ పడతాయి. చూసేవారందరికీ ఉమ్మడిగా తెలిసిన లిపి ఒక్కటి కూడా లేని ఇలాంటి హాలులో, ఒక ట్రైలర్ ఉత్కంఠను దేనితో కట్టిందో, మాటలతోనా, బొమ్మతోనా, శబ్దంతోనా అన్నది చాలా స్పష్టంగా బయటపడుతుంది.

రహస్యం, ఉత్కంఠ అనే రెండు మాటలను మనం కలిపి వాడుతుంటాం కానీ, ట్రైలర్ విషయంలో వాటిని విడదీసి చూడడం మంచిది. తలుపు వెనక ఏముందో మనకు తెలియకపోతే అది రహస్యం. ఏముందో మనకు తెలిసి, ఆ తలుపు తీయబోతున్న మనిషికి తెలియకపోతే అది ఉత్కంఠ. ఉత్కంఠ చిత్రాలకు పేరుపడ్డ దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణల్లో దీన్ని బాంబు ఉదాహరణతో వివరించాడు. ఇద్దరు మాట్లాడుకుంటున్న బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల విస్మయం. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే, అదే మామూలు సంభాషణ 15 నిమిషాల ఉత్కంఠ అవుతుంది. బరంపురం ఉన్న గంజాం జిల్లా పల్లెల్లో రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకం చూసి పెరిగినవారికి దీన్ని ఎవరూ ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. స్తంభం చీల్చుకుని నరసింహుడు వస్తాడని పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా రాత్రంతా మేలుకుని కూర్చుంటారు, ఎందుకంటే వచ్చే క్షణం ఏదన్నది మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

ట్రైలర్ ఈ రెండింటినీ రెండు వేర్వేరు పనులకు వాడుకుంటుంది. రెండు రెండున్నర నిమిషాలు మనల్ని కదలకుండా కూర్చోబెట్టేది ఉత్కంఠ. విడుదల రోజున మనల్ని మళ్లీ హాలుకు రప్పించేది రహస్యం. సినిమా పేరు తెర మీద పడగానే ఉత్కంఠ తీరిపోతుంది, రహస్యం మాత్రం మనతోపాటు ఇంటికి వస్తుంది. రహస్యాన్ని దాచడమా, చెప్పేయడమా అన్నది ట్రైలర్ కూర్చినవారి చేతిలో ఉంటుంది. ఉత్కంఠను మాత్రం హాలు పూర్తి చేయాలి. హాలు తన వంతు పని చేయకపోతే ఎంత గొప్ప ట్రైలరైనా అక్కడ ఒక ప్రకటనగా మిగిలిపోతుంది. ఈ హాలును నేను కొలిచింది ఈ కొలబద్దతోనే.

చెప్పబోయి ఆగిపోవడమే ట్రైలర్ కళలో అన్నిటికన్నా బలమైన పద్ధతి అని నా అభిప్రాయం. దానికి ఇప్పటికీ సాటిలేని ఉదాహరణ 1960 నాటి హిచ్‌కాక్ చిత్రం ‘సైకో’ ట్రైలర్. ఆరు నిమిషాలకు పైగా సాగే ఆ ట్రైలర్‌లో సినిమాలోని సన్నివేశాలు ఉండవు. హిచ్‌కాక్ స్వయంగా మనల్ని కథ జరిగే మోటెల్‌లోకీ (రహదారి పక్కనుండే బస) పక్కనున్న ఇంట్లోకీ తీసుకువెళ్లి, మెట్ల దగ్గర ఏదో జరిగిందని మొదలుపెట్టి, వాక్యం పూర్తి చేయకుండా మరో గదికి నడుస్తాడు. చివరికి స్నానాల గదిలో తెర లాగగానే ఒక స్త్రీ కేక వేస్తుంది. ఆ స్త్రీ కూడా సినిమాలో ఆ సన్నివేశంలో కనిపించే జానెట్ లీ కాదు, వెరా మైల్స్. అంటే చూపించిన ఆ ఒక్క క్షణంలో కూడా అసలు గుట్టు భద్రంగానే ఉంది. ఇరవై ఏళ్ల తరవాత 1980లో వచ్చిన ‘ది షైనింగ్’ టీజర్ మరింత సాహసం చేసింది. మూసి ఉన్న లిఫ్టు తలుపులు, వాటి మీదుగా పైకి పాకే అక్షరాలు, ఆ తరవాత తలుపు సందులోంచి వరదలా వచ్చే రక్తం. అంతా ఒకే షాటు. కథ గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పటి మన ట్రైలర్లు అంత నిగ్రహం చూపలేవు, వాటి మీద ఉన్న ఒత్తిడి వేరు. అయినా వాటి కూర్పులో మంచి పనితనం ఉంది, దాన్ని గమనించడం నాకు ఇష్టం. మొదట నెమ్మదిగా ఒక ఊరు, ఒక ఇల్లు, ఒక మామూలు రోజు కనిపిస్తాయి. తరవాత ఎవరో ఒక ప్రశ్న వేస్తారు. దానికి జవాబుగా వినిపించే మాట నిజానికి సినిమాలో మరో సందర్భానిది, మరొకరితో అన్నది. ఆ రెండింటినీ పక్కపక్కన చేర్చేసరికి సినిమాలో లేని మూడో అర్థం మన మనసులో పుడుతుంది. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ శతాబ్దం క్రితమే ఈ సంగతిని ప్రయోగం చేసి చూపాడు. భావం లేని ఒకే ముఖం పక్కన సూపు గిన్నె పెడితే ప్రేక్షకులు ఆకలిని చూశారు, శవపేటిక పెడితే దుఃఖాన్ని చూశారు. ట్రైలర్ దీన్నే తిరగేసి వాడుతుంది. భయపడిన ముఖాన్ని చూపి, భయపెట్టినదాన్ని తీసేస్తుంది. ఆ ఖాళీని మన ఊహ నింపుకుంటుంది. మన ఊహ నింపే బొమ్మ ఏ గ్రాఫిక్స్ వారూ గీయలేనంత భయంకరంగా ఉంటుంది.

ఈ హాలులో ఒక తెలుగు హారర్ ట్రైలర్ పడుతున్నప్పుడు మా వెనక వరుసలో ఒక పెద్దావిడ, "ఏటే అమ్మీ, ఆ గదిలో ఏటుందే?" అని మనవరాలిని అడిగింది. "అదే సెప్పట్లేదు మామ్మా" అంది ఆ పిల్ల. ఆ తరవాత ఇద్దరూ సినిమా పేరు పడేదాకా మాట్లాడలేదు. ట్రైలర్ కూర్చినవారు కోరుకునేది ఈ మౌనాన్నే.

ఇక హాలు పనితీరు. ముందుగా శబ్దం, ఎందుకంటే ఈ హాలు బలం అదే. ఇక్కడి స్పీకర్లు బాగున్నాయి, ముఖ్యంగా తెర వెనక నుంచి వచ్చే అడుగు ధ్వని, అంటే లోతైన బేస్ శబ్దం. ఉత్కంఠ ట్రైలర్లలో మన గుండెను పట్టుకునేది ఎక్కువగా సెకనుకు 120 కంపనాలకు (హెర్ట్జ్) దిగువనుండే ఈ ధ్వనే. సన్నగా మొదలై ఆగకుండా పైకి పెరుగుతూ పోయే నాదం, 2010 ప్రాంతంలో హాలీవుడ్ ట్రైలర్ల నుంచి మొదలై అన్ని భాషలకూ పాకిన ఇత్తడి వాద్యాల గర్జన, గుండె చప్పుడులా కొట్టే డప్పు, వీటిలో చాలా భాగం ఫోను స్పీకరులో వినిపించదు. అదే ట్రైలర్‌ను ఇంట్లో ఫోనులో చూసినవారు ఈ హాలులో మళ్లీ చూస్తే రెండింటికీ పోలిక లేదని ఒప్పుకుంటారు. శబ్దం కన్నా ముఖ్యమైనది శబ్దం ఆగిపోవడం. తారస్థాయికి చేరిన నాదం ఉన్నట్టుండి తెగిపోయి, ఒకటి రెండు సెకన్లు పూర్తి నిశ్శబ్దం పరుచుకుని, ఆ నిశ్శబ్దంలో ఒక గుసగుసో తలుపు గడియ చప్పుడో వినిపిస్తుంది. కథ చెబుతున్న అమ్మమ్మ సరిగ్గా రాక్షసుడు వచ్చే చోట ఆగి తమలపాకుకు సున్నం రాసుకున్నట్టు ఉంటుంది ఆ విరామం. ఈ హాలు గోడలకు శబ్దాన్ని ఆపే మంచి పొర ఉంది, బయటి హారన్ల మోత లోపలికి రాదు. కాబట్టి ఆ నిశ్శబ్దం ఇక్కడ నిజంగా నిశ్శబ్దంగానే వినిపిస్తుంది. ఈ ఒక్క కారణానికే ఈ హాలును నేను ఇతరులకు సిఫారసు చేస్తాను.

అయితే ఆ శబ్దాన్ని పెట్టే స్థాయి విషయంలో ఆటకో తీరు. హాలు శబ్దాన్ని నియంత్రించే డాల్బీ ప్రాసెసర్ అనే పరికరం మీద 7 అన్నది ప్రామాణిక స్థాయి. దుకాణాల ప్రకటనలు చెవులు చిల్లులు పడేలా కూర్చి ఉంటాయి కాబట్టి ప్రేక్షకులు విసుక్కుంటారని ఆపరేటర్ దాన్ని బాగా తగ్గిస్తాడు. అది సబబే. కానీ మార్నింగ్ షోలలో, మ్యాట్నీలలో ట్రైలర్లు మొదలయ్యాక కూడా ఆ స్థాయి అలాగే ఉండిపోతుంది. సినిమా మొదలయ్యాకే పెరుగుతుంది. శబ్దం తగ్గించినప్పుడు మన చెవికి ముందుగా దూరమయ్యేది అడుగు ధ్వనే కాబట్టి, ట్రైలర్ మొత్తం బోలుగా, మాటల గుట్టగా వినిపిస్తుంది. సెకండ్ షోలో మాత్రం ట్రైలర్లకు ముందే స్థాయి పెరుగుతుంది. ప్రకటనలకు ఒకటి, ట్రైలర్లకు ఒకటి అని రెండు స్థాయిలు రాసి పెట్టుకుంటే తీరిపోయే సమస్య ఇది.

వెలుతురు సంగతి అంతకన్నా బాధాకరం. ఈ హాలులో ట్రైలర్లు పూర్తయ్యేదాకా గోడల దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఆలస్యంగా వచ్చేవారి సౌకర్యం కోసం అని సిబ్బంది చెబుతారు. ఉత్కంఠ ట్రైలర్లలో షాటుకూ షాటుకూ మధ్య తెర పూర్తిగా నల్లబడే క్షణాలు ఉంటాయి. ఆ నలుపు ఖాళీ కాదు, కూర్పులో భాగం. ఒక చెయ్యి తలుపు పిడి మీద పడుతుంది, తెర నల్లబడుతుంది, మళ్లీ వెలిగేసరికి గది ఖాళీగా ఉంటుంది. మధ్యలో జరిగినది మనం చీకటిలో ఊహించుకోవాలి. గోడ దీపాలు వెలుగుతూ ఉంటే ఆ నలుపు బూడిద రంగుగా కనిపిస్తుంది, పక్కవారి ముఖాలు కనిపిస్తాయి, ఊహ తెగిపోతుంది. దానికి తోడు దారి వెతుక్కునేవారి ఫోను లైట్లు తెర మీదికి పడతాయి. మెట్ల అంచుల్లో చిన్న దీపాలు ఇప్పటికే ఉన్నాయి, దారి చూపడానికి అవి చాలు. గోడ దీపాలను ప్రకటనల తరవాత ఆర్పేస్తే హాలుకు పైసా ఖర్చు ఉండదు.

ఇంటర్వెల్‌లో ట్రైలర్లు వేయడం మరో పొరపాటు. నడుస్తున్న సినిమా మనల్ని ఒక ముడి దగ్గర ఆపి ఉంటుంది. జనం సమోసాల కోసం లేస్తూ కూర్చుంటూ ఉండగా మరో సినిమా ముడిని తెచ్చి వేయడం వల్ల రెండింటికీ నష్టమే. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ట్రైలర్ల ఎంపికలో కూడా శ్రద్ధ కావాలి. హాళ్లలో వేసే ట్రైలర్‌కు సెన్సారు బోర్డు ధ్రువపత్రం విడిగా ఉండాలి. ఇంటర్నెట్‌లో పెట్టే ట్రైలర్‌కు ఆ నియమం లేదు. 2024 నిబంధనలతో, పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడవలసిన యూఏ వర్గాన్ని 7, 13, 16 ఏళ్లు పైబడినవారికి అని మూడుగా విడదీశారు. ఆ అంకె ట్రైలర్‌కు ముందు తెర మీద కనిపిస్తుంది. కుటుంబమంతా పసిపిల్లలతో వచ్చిన సినిమా ముందు వరసగా హారర్ ట్రైలర్లు వేసినప్పుడు, పిల్లలు ఏడుపు మొదలుపెట్టి, తల్లులు వారిని ఎత్తుకుని బయటికి నడిచారు. అది ట్రైలర్ విజయం కాదు. భయానికి సిద్ధపడి వచ్చినవారి మీదే ఉత్కంఠ పని చేయాలి.

ఇక భాష. ఈ సరిహద్దు జిల్లాల్లో నాకు అన్నిటికన్నా ఆలోచన కలిగించిన అంశం ఇదే. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లిషు, హిందీ చదువుతారు, తెలుగు అక్షరాలు మాత్రం చదవలేరు. ఈ మధ్య తెలుగు రహస్య చిత్రాల ట్రైలర్లలో తెర మీద తెలుగు వాక్యాలు వేయడం ఎక్కువైంది. ఏదో తాళపత్రంలోని శ్లోకమో, ఊరి పొలిమేరలో రాతి మీద చెక్కిన హెచ్చరికో, నల్లని తెర మీద ఒక్కొక్క మాటగా కనిపించే ప్రశ్నో అక్కడ ఉత్కంఠను మోస్తుంది. ఆ పిల్లలకు అది అందదు. పక్కనున్న తల్లినో తాతనో "ఏం రాశాడు?" అని అడుగుతారు, పెద్దవాళ్లు చదివి చెప్పేలోగా తరవాతి షాటు వెళ్లిపోతుంది. అదే వాక్యాన్ని ఒక ముసలి గొంతు పైకి చదివిన ట్రైలర్‌కు హాలు మొత్తం ఒకేసారి బిగుసుకుపోవడం నేను గమనించాను. తెలుగు రాని ఒడియా ప్రేక్షకులకు సైతం ఆ గొంతులోని భయం అర్థమైంది. రాతతో కట్టిన రహస్యం లిపి వచ్చినవారి దగ్గరే ఆగిపోతుంది. గొంతుతో కట్టినది ఇచ్ఛాపురం దాటి కూడా వస్తుంది. ట్రైలర్లు చేసేవారు హైదరాబాదు ప్రేక్షకులతోపాటు గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగువారిని కూడా దృష్టిలో పెట్టుకోవాలని నా కోరిక.

ఒకే సినిమా ట్రైలర్‌ను ఈ హాలులో ఒక వారం తెలుగులో, మరో వారం హిందీలో వేస్తుంటారు. రెండూ విన్నవారికి డబ్బింగులో పోయేదేమిటో తెలుస్తుంది. మాట మారినా ఫరవాలేదు, మాటకు ముందు పీల్చిన ఊపిరి మారితే ఉత్కంఠ పోతుంది. తెలుగు సినిమా ఆడుతున్నప్పుడు తెలుగు ట్రైలరే వేయాలని నేను సిబ్బందికి చెప్పాను, వారు కాదనలేదు.

తెలుగు ట్రైలర్ల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు, అవి చివర్లో ఓర్పు కోల్పోవడం. మొదటి నిమిషం అద్భుతంగా దాచి, రెండో నిమిషంలో కథానాయకుడి పోరాటాలు, ప్రతినాయకుడి ముఖం, కొన్నిసార్లు పతాక సన్నివేశం జరిగే చోటు కూడా చూపించేస్తారు. ముందు గ్లింప్స్, తరవాత టీజర్, ఆ తరవాత ట్రైలర్, విడుదలకు ముందు మరో ట్రైలర్ అని వరసగా వదలడం వల్ల, ఒక్కొక్కటీ ముందుదానికన్నా ఎక్కువ చెప్పక తప్పని స్థితి వస్తుంది. కథ ముందే తెలిస్తే ఆనందం తగ్గదని వాదించేవారు ఉన్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముగింపు ముందే చెప్పిన చిన్న కథలను పాఠకులు మరింత ఇష్టపడ్డారని తేలింది. ప్రహ్లాద నాటకం విషయంలో నేను దాన్ని పూర్తిగా నమ్ముతాను. కానీ చదవడానికి ముందే చేతిలో ఉన్న కథ వేరు, టికెట్ కొని ఊరు దాటి రావాలో వద్దో ఇంకా తేల్చుకోని సినిమా వేరు. రెండోదానికి తెరిచి ఉంచిన ప్రశ్న ఒకటి కావాలి.

దాచడం వేరు, లేనిదాన్ని చూపడం వేరు. ట్రైలర్‌లో ఉన్నది సినిమాలో లేకపోతే అది మోసమా అన్న ప్రశ్న మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో ‘ఫ్యాన్’ అనే హిందీ చిత్రం ప్రచారంలో చూపిన పాట సినిమాలో లేదని మహారాష్ట్రకు చెందిన ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు చేస్తే, రాష్ట్ర కమిషన్ ఆమెకు రూ. 10,000 పరిహారం ఇప్పించింది, జాతీయ కమిషన్ దాన్ని సమర్థించింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టివేసింది. ప్రచార ట్రైలర్ ఏకపక్ష ప్రకటన మాత్రమేననీ, అది ప్రేక్షకుడితో చేసుకున్న ఒప్పందమో వాగ్దానమో కాదనీ చెప్పింది. చట్టం దృష్టిలో అది సరైనదే కావచ్చు. అయినా రహస్య చిత్రాల విషయంలో ప్రేక్షకుడికీ ట్రైలర్‌కూ మధ్య రాయని ఒప్పందం ఒకటి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ప్రశ్న అడిగిన ట్రైలర్ తరఫున సినిమా జవాబు చెప్పాలి. ఆ మూసిన గదిలో ఏదీ లేకపోతే, మా వెనక వరుసలోని ఆ మామ్మను తరవాతి ట్రైలర్ మౌనంగా కూర్చోబెట్టజాలదు.

ఈ హాలుకు వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు. ట్రైలర్లను సరిగా అనుభవించాలంటే సెకండ్ షోకే వెళ్లండి, శబ్దం అప్పుడే సరైన స్థాయిలో ఉంటుంది. మధ్య వరుసల్లో నడుమ భాగం తీసుకోండి. గోడ పక్క కుర్చీల్లో దీపాల వెలుగు నేరుగా కళ్లలో పడుతుంది. టికెట్ మీద రాసిన వేళకే ట్రైలర్లు మొదలవుతాయి, ప్రకటనలు అంతకు ముందే అయిపోతాయి కాబట్టి పది నిమిషాల ముందు లోపల ఉండడం మంచిది. చిన్న పిల్లలతో వెళ్లేవారు ఆ వారం ఏ ట్రైలర్లు వేస్తున్నారో కౌంటరులో అడగవచ్చు, అడిగితే చెబుతారు. ఇచ్ఛాపురం వైపు తిరిగి వెళ్లేవారు సెకండ్ షో అయితే సొంత బండి ఉంటేనే పెట్టుకోవాలి. గోడ దీపాల గురించి మేనేజరు గదిలో ఉన్న సలహాల పుస్తకంలో రాశాను. మరికొందరు కూడా రాస్తే మార్పు త్వరగా వస్తుంది.